పోలీసు శాఖకు ఒక విటమిన్ డబ్బా

ఒక దేశపు పోలీసు శాఖను మూడు నెలలపాటు నేను ఒంటిచేత్తో అల్లాడించాను. దేశమంటే మరీ పెద్దది కాదు. శాఖంటే, నాకు తెలిసినంతవరకు, నలుగురు. అల్లాడించడమంటే ఏమిటో చెబుతాను గాని ముందు కుర్చీ దగ్గరకు లాక్కోండి. చివర్లో నా పరువు పోయేటప్పుడు చప్పుడు సన్నగా ఉంటుంది, దూరానికి వినపడదు.

అది 2008 వేసవి. అమెరికాలో, శాన్ రామన్ అనే ఊళ్ళో మా అమ్మాయి సుధ ఇంట్లో ఉన్నాం, నేనూ మా ఆవిడ సీతా. అమ్మాయి మా ఇద్దరికీ గ్రీన్ కార్డుకి అప్లై చేసింది. ఏ దేశంలో ఏడాదికి మించి బతికితే ఆ దేశం నుంచి ‘ఇతడు నేరస్థుడు కాడు’ అని పోలీసు సర్టిఫికెట్ తేవాలన్నారు. ఎనభైల్లో నేను ఒక ద్వీప దేశంలో మూడేళ్ళు లెక్కల మాస్టారుగా పనిచేశాను. దాని పేరు చెప్పను. మ్యాపులో దాన్ని వేలితో చూపించకూడదు, సూదితో చూపించాలి. వేలు పెడితే దేశం మొత్తం మూతబడిపోతుంది.

సీత ఆ దీవికి రాలేదు. సుధ చదువు కోసం భీమవరంలోనే ఉండిపోయింది. అందుకని ఆవిడ కాగితాలన్నీ చకచకా అయిపోయాయి. నా సర్టిఫికెట్ సెప్టెంబరులోగా రాకపోతే ఆవిడకి అమెరికా, నాకు భీమవరం.

“ఏముందండీ, ఉత్తరాలు రాసుకుందాం. ఆ మూడేళ్ళూ రాసుకోలేదూ?” అంది సీత, చిక్కుళ్ళకి ఈనెలు తీస్తూ. నవ్వుతూనే అంది. కానీ ఆ మూడేళ్ళు నాకు తెలుసు.

ఆ దీవిలో ప్రభుత్వం అంటే ఒక కౌంటరు, కౌంటరు వెనక ఒక కుర్చీ, కుర్చీ మీద ఎవరూ లేకపోవడం. మంచినీళ్ళు ఓడలో వచ్చేవి. కరెంటు ఒక్క జనరేటరు దయ. ఏమడిగినా “రేపు రండి” అనేవారు. ఆ రేపు కూడా పడవలోనే రావాలేమో అనిపించేది. ఒకసారి నా గదికి తొమ్మిది రోజులు కరెంటు లేదు. సాక్షాత్తూ విద్యుత్ మంత్రినే నిలదీశాను. సరే, మంత్రి కాదు, లైన్‌మన్ జోసెఫ్. నిలదీయలేదు కూడా, భోజనానికి పిలిచాను. సీత భీమవరం నుంచి పంపిన ఆవకాయ అన్నంలో కలిపి పెట్టాను. కళ్ళమ్మట నీళ్ళు, ముక్కమ్మట నీళ్ళు, ఇంకో ముద్ద అన్నాడు. ఆ సాయంత్రం బల్బు వెలిగింది! అప్పటినుంచి నా సిద్ధాంతం ఒకటే: ఆ ప్రభుత్వం డీజిలుతో నడవదు, మా ఆవిడ ఆవకాయతో నడుస్తుంది.

ఇక పార్కు సంగతి. రోజూ సాయంత్రం మేం నలుగురం తండ్రులం బెంచీ మీద చేరేవాళ్ళం. నా దీవి దుష్పరిపాలన మీద రోజుకొక బులెటిన్ ఇచ్చేవాణ్ణి. మా బెంచీకి పెద్దదిక్కు రంగారెడ్డి గారు, నల్లగొండ వైపు తహసీల్దారు చేసి రిటైరైన మనిషి.

“ఫైలుకి కాళ్ళుండయ్ సారూ,” అన్నాడాయన. “మనమే నడిపియ్యాలె. జర చెయ్యి తడుపుండ్రి.”

“పరాయి దేశం కదండీ!”

“దేశమేదైతేంది? దేవుడు వరమిచ్చినా గుమాస్తా సంతకం పెట్టాలె గద.”

నాకు వెంటనే జోసెఫ్ గుర్తొచ్చాడు. ఇంటికొచ్చి, సీత స్నానానికి వెళ్ళిన సమయం చూసి, ఇండియా నుంచి తెచ్చిన ఆవకాయ జాడీ దించాను. ఖాళీ విటమిన్ డబ్బా ఒకటి దొరికితే అందులోకి నాలుగు ముక్కలు, పైన నూనె. ఇక్కడి పోలీసులు నా పది వేళ్ళూ సిరాలో అద్ది తీసిన వేలిముద్రల కార్డు, అప్లికేషను, డబ్బా, మూడూ ఒకే కవరులో పెట్టి అంటించేశాను.

ఆ డబ్బా మూత గురించి ఒక మాట. పిల్లలు తియ్యలేని మూత అని దాని మీద రాసి ఉంది. ముసలివాళ్ళు వెయ్యలేని మూత అని మాత్రం ఎక్కడా రాయలేదు.

కొరియర్ కౌంటర్లో అమ్మాయి కవరు ఎత్తి చూసి, “లోపల ఏమున్నాయి?” అంది.

“కాగితాలు, విటమిన్లు.”

అబద్ధమా? ఆవకాయలో విటమిన్లు లేవని ఎవరినైనా రుజువు చెయ్యమనండి.

మర్నాడే ఇంట్లో తుఫాను. “జాడీలో నూనె దిగిందేమిటండీ? బీపీ మనిషి, దొంగతనంగా ఆవకాయ తింటారా?”

“అవును తిన్నాను!” అన్నాను, దేశభక్తుడు నేరం ఒప్పుకున్నంత ధీరంగా. నెల రోజులు నాకు పెరుగన్నంలో నంజుకోవడానికి కీరా ముక్కలే.

రెండు వారాలు, నాలుగు వారాలు, ఎనిమిది వారాలు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఫోన్ కార్డు కొనుక్కుని, ఇక్కడ సాయంత్రం ఎనిమిదింటికి ఇంకా ఎండ కాస్తుండగా, అక్కడ మర్నాడు పొద్దున ఆఫీసు తెరిచే వేళకి ఫోన్ చేసేవాణ్ణి. రోజలీన్ అని ఒక గుమాస్తా అమ్మాయి ఎత్తేది.

“మీ ఫైలు విచారణలో ఉంది సర్.”

“నా మీద విచారణేమిటమ్మా? మీ దేశంలో సగం మందికి నేనే ఎక్కాలు నేర్పాను!”

“కావచ్చు సర్. వివరాలు చెప్పకూడదు సర్.”

“మీ ప్రధానమంత్రికి ఉత్తరం రాస్తాను!”

“తప్పకుండా రాయండి సర్. పోస్టు మాత్రం గురువారం పడవకి వస్తుంది.”

మర్నాడు పార్కులో, ప్రధానమంత్రికి ఘాటుగా రాశానని చెప్పాను. రాయలేదు. అంత నిదానమైన గొంతు విన్నాక ఎవరికైనా కోపం నిలుస్తుందా? మాట్లాడి పెట్టేశాక చాలాసేపు చెవిలో ఆ దీవి గాలే వినిపించింది. చీకట్లో అరుగు మీద కూర్చుని సీతకి ఉత్తరంలో ఏం రాయాలా అని ఆలోచించిన సాయంత్రాలు. ఆ కౌంటరు ముందు నేను ఎక్కువసార్లు అడిగింది కరెంటు గురించి కాదు. ‘భీమవరం నుంచి ఏమైనా వచ్చిందా?’ అని.

సెప్టెంబరు దగ్గరపడింది. సీత రోజూ నా చొక్కాలు విడిగా మడతపెడుతోంది, పెట్టె సర్దినట్టు. నేను చూడనట్టు నటిస్తున్నాను.

ఒక శనివారం రంగారెడ్డి గారు కాఫీకి వచ్చి కూర్చున్న వేళ, పెద్ద కవరొకటి వచ్చింది. ప్రభుత్వ ముద్ర! “చూశారా, నా దెబ్బకి దిగొచ్చారు. పైకి చదువమ్మా, అంకుల్ కూడా వింటారు,” అన్నాను సుధతో. నా గొయ్యికి నేనే కొబ్బరికాయ కొట్టించుకున్నాను.

సుధ తెలుగులో చెబుతూ చదివింది. “అయ్యా, మీ వేలిముద్రల కార్డు ఎర్రటి ద్రవంలో తడిసి వచ్చింది. వేలిముద్రల మీద ఎరుపు కనుక రక్తమని అనుమానించి... నాన్నా!”

“చదువు,” అన్నాను. గొంతు అప్పటికే భీమవరం వెళ్ళిపోయింది.

“...రక్తమని అనుమానించి రాజధాని ఆసుపత్రి ల్యాబుకి పంపాం. పడవలు ఆలస్యమైనందున రిపోర్టు రావడానికి పది వారాలు పట్టింది. రక్తం కాదు. ఆవాలు, మిరపకారం, నూనె. సంబంధం తెలియని ఒక సీసా కూడా దొరికింది. మీద ‘యాభై దాటిన స్త్రీలకు’ అని ఉంది.”

“నా విటమిన్ల డబ్బా!” అంది సీత.

రంగారెడ్డి గారు కాఫీ కప్పు బల్ల మీద పెట్టాడు. అందరికన్నా ముందు ఆయనే తేరుకున్నాడు. “సారూ, నేను చెయ్యి తడుపుమన్న గని, కార్డు తడుపుమన్ననా?”

“ఇంకా ఉంది,” అంది సుధ, నవ్వాపుకోలేక. “కొత్త వేలిముద్రలు పంపితే వారంలో సర్టిఫికెట్ ఇస్తాం. మా ఉద్యోగులు కానుకలు స్వీకరించరు. ల్యాబులో ఆ పదార్థాన్ని ఎవరూ రుచి చూడలేదు.” కింద పెన్నుతో ఇంకో మాట కూడా ఉందట: “చూశాం సర్. ఇంకా కళ్ళు మండుతున్నాయి. ఎలా చేస్తారు? రోజలీన్.”

అన్న మాట నిలబెట్టుకున్నారు. పొడి కార్డు అందిన ఆరో రోజున సర్టిఫికెట్ బయల్దేరింది. అది నా చేతికొచ్చేసరికి సెప్టెంబరుకి ఇంకా నాలుగు రోజులు మిగిలే ఉన్నాయి. నేను తిట్టిన ప్రభుత్వం చేసిన ఆలస్యమంతా నా నూనె వల్లే. ఇంకో నిజం కూడా కక్కేస్తాను. ఆనాడు జోసెఫ్ నా ఇంట్లో అన్నం తిన్న మధ్యాహ్నమే రేవుకి డీజిలు పడవ వచ్చింది. బల్బు ఊరంతా వెలిగింది.

మర్నాడు చూస్తే వంటింట్లో సీత ఒక గాజు సీసాకి మూత బిగించి, గుడ్డ చుట్టి, పార్సిల్ కడుతోంది. పైన ఆవకాయ కొలతలు రాసిన కాగితం.

“ఎవరికి?” అన్నాను.

“ఆ రోజలీన్‌కి. అడిగింది కదా పాపం.”

“కానుకలు తీసుకోం అన్నారుగా! నేను పంపితే లంచమా, నువ్వు పంపితే...”

“పనైపోయాక పంపితే మర్యాద అంటారండీ. మూడేళ్ళు మిమ్మల్ని భరించిన ఊరు. ఆ మాత్రం చెయ్యద్దూ?”

కాబట్టి పోలీసుల సిరా రెండుసార్లు పూసుకున్న ఈ పది వేళ్ళ మీద ఒట్టేసి చెబుతున్నాను: ఇక ఈ జన్మలో ఏ ప్రభుత్వానికీ దరఖాస్తుతో కలిపి ఆవకాయ పంపను. పంపాలన్నా కుదరదు. జాడీ ఇప్పుడు పై అలమరలో ఉంది, దాని మూత బిగించేది సీత.