ఒకటిన్నర రూపాయి ఇల్లు

ఆ రోజుల్లో దేశాన్ని బాగుచేయడం ఇంత కష్టమని మాకు తెలియదు. ఒక తెల్లకాగితం, ఒక రూళ్లకర్ర, ఒక సిరాబుడ్డి ఉంటే చాలుననుకునేవాళ్లం. నాకు అప్పుడు ఇరవైరెండేళ్లు. హిందూపురంలో ఒక బెల్లం మండీలో గుమాస్తాను. పగలంతా మండీలో దిమ్మెల లెక్క రాసి, సాయంత్రం మా వీధి మొగదల ఉన్న పఠనాలయానికి వెళ్లి కుర్రవాళ్ల సంఘానికి కార్యదర్శిగా కూర్చునేవాణ్ణి. సంఘంలో మొత్తం ఏడుగురం. అధ్యక్షుడికి చేతిరాత బాగుండదు కాబట్టి పని అంతా నాదే. హైస్కూల్లో మొదలుపెట్టిన డైరీ అప్పటికే ఆరు పుస్తకాలైంది. దేన్నైనా గీతలు గీసి, వరుస అంకెలు వేసి రాస్తే సగం బాగుపడినట్టేనని నా నమ్మకం. (ఈ నమ్మకం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. మందుల డబ్బా మూతమీద కూడా పట్టిక అంటించుకున్నాను.)

ఆ ఏడు వానలు లేవు. వేరుశనగ చేలల్లోనే ఎండింది, మండీకి వచ్చే బళ్లు సగానికి సగం తగ్గాయి. అయినా దీపావళి రాత్రి మా వీధిలో మోత చూస్తే, ఊరికి ఏదో నిధి దొరికిందని పొరుగూరి వాళ్లు అనుకొని ఉంటారు. తెల్లవారి గుమ్మాల ముందు పేరుకున్న ఎర్రకాగితాలు చూసి నాకు ఆవేశం వచ్చింది. ఏ ఇల్లు ఎంత కాల్చిందో అడిగి రాసి, పెద్దది నుంచి చిన్నదానికి వరుసగా పేర్చి పఠనాలయం గోడకు అంటిస్తే జనం సిగ్గుపడతారని తోచింది. సంఘం ఏకగ్రీవంగా ఒప్పుకుంది. (నలుగురు రాలేదు.)

పుస్తకం చంకలో పెట్టుకొని ఇల్లిల్లూ తిరిగాను. మొదట మా మండీ షావుకారు ఇంటికే వెళ్లాను. ఆయన ఇంట్లో రాత్రి రెండు గంటలపాటు ఆగకుండా కాల్చారు. నా చేతిలో పుస్తకం చూసి, చందా అనుకున్నాడేమో, పదిహేను రూపాయలకు మించలేదని, అదీ బంధువులు తెచ్చినవేనని చెప్పాడు. ఎదురింటి దర్జీ మూడు నెలలుగా ఇంటి బాడుగ కట్టలేదని వీధి అంతటికీ తెలుసు. ఆయన మాత్రం కుట్టుమిషను ఆపి, గొంతు పెంచి, పంతొమ్మిది అన్నాడు. సోడా అంగడి సాయిబు తాత, మా పండగ కాదు గానీ పిల్లోళ్లు ఊరుకోరు గదప్పా, నాలుగణాలు రాసుకో అన్నాడు. ఆ మూడింటిలో నిజమని నాకు గట్టిగా నమ్మకం కుదిరింది ఆ నాలుగణాలే. అది రాస్తే తాత చిన్నబోతాడేమోనని, పండగ లేని ఇళ్లను పట్టికలోకి తీసుకోరాదని ఒక నియమం చేసి తప్పించాను.

మా ఇంటి లెక్క రూపాయి ఎనిమిదణాలు. చెల్లెలికి ఒక పెట్టె కాకరపువ్వొత్తులు, రెండు చిచ్చుబుడ్లు, ఒక చిన్న టపాకాయల సరం. మా ఇంట్లో టపాకాయల విధానం మా అవ్వది. "ఎదురింటోళ్లు కాలిస్తే మనకు కనపడదా ఏమి? చూసేదానికి ఎవురన్నా దుడ్లు అడుగుతాండారా?" అని ఆమె అరుగుమీద పీట వేసుకొని దర్జీ కాల్చేదంతా ఆనందంగా చూసేది. మా నాయనది చిన్న నూలు అంగడి. అవ్వ మాట దాటేవాడు కాదు, దాటాల్సిన అవసరమూ ఆయనకు కనపడలేదు. పట్టికలో మా ఇల్లే చివరిది. నేను దాన్ని గర్వంగా అడుగున రాసి, కింద రెండు గీతలు గీసి, మొత్తం వేసి, 'ఈ సొమ్ముతో మన బడికి ఇన్ని బెంచీలు వచ్చేవి' అని లెక్క కట్టి చూపించాను.

మూడోనాడు కాగితం అంటించాను. సిగ్గుపడడానికి జనం గుంపులుగా వచ్చారు. వచ్చినవాళ్లు బెంచీల సంగతి చదవలేదు. ముందు తమ ఇల్లు ఎన్నో స్థానంలో ఉందో చూసుకున్నారు, తర్వాత తమ పైన ఎవరున్నారో చూశారు. సాయంత్రానికి సవరణలు మొదలయ్యాయి. ఒకాయన తారాజువ్వలు చెప్పడం మరిచానని మూడు రూపాయలు కలపమన్నాడు. ఇంకొకాయన అల్లుడు కాల్చింది కూడా తన ఖాతాలోనే రావాలన్నాడు. కొన్న అంగడి చీటీ లేనిది సవరణ లేదని నేను నియమం పెట్టాను. మరునాడు అందరూ చీటీలు తెచ్చారు. మా షావుకారు దర్జీకి కింద తన పేరు చూసి రోజంతా మండీలో నాతో మాట్లాడలేదు. తర్వాత అంగళ్లలో మిగిలిపోయిన సరుకు సగం ధరకు కొనిపించి, మంగళవారం మిట్టమధ్యాహ్నం ఎండలో ఇంటిముందు కాల్పించి, చీటీ నా బల్లమీద పెట్టాడు. నలభై రూపాయలైంది. ఆయన పేరు మొదటికి వెళ్లింది. నేను కాగితం మార్చి తిరగరాశాను. దేశం బాగుపడే దారి ఇదేనా అని ఆ రాత్రి డైరీలో ఒక ప్రశ్న రాసుకున్నాను. దానికి జవాబు రాసిన పుట ఇప్పటిదాకా కనపడలేదు.

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పాలి. ఆ దీపావళికి నెల ముందు ధర్మవరంలో ఒక అమ్మాయిని చూసి వచ్చాను. వాళ్లది ఒక్క మగ్గం ఉన్న ఇల్లు, తండ్రి పట్టుచీరలు నేసేవాడు. సంబంధం కుదిర్చింది పెనుకొండలో ఉండే మా మేనమామ. పెండ్లిచూపుల్లో నేను జేబులోంచి చిన్న డైరీ తీసి రైలు వేళ చూసుకుంటే ఆ అమ్మాయి తలవంచుకొనే నవ్వింది. ఆ రోజు నా డైరీలో 'ధర్మవరం వెళ్లివచ్చాను. ఉప్మా బాగుంది' అని మాత్రమే ఉంది. కానీ ఆ తర్వాత పదిహేను రోజులు మండీలో దిమ్మెల లెక్క మూడుసార్లు తప్పింది. అంతకుముందు నాలుగేళ్లలో ఒక్కసారీ తప్పలేదు.

ఆ అమ్మాయి తండ్రి మా ఇల్లు చూడడానికి శుక్రవారం వస్తున్నాడనగా, బుధవారం పెనుకొండ మామ దిగాడు. పఠనాలయం ముందు గుంపు చూసి, తానూ దూరి, పట్టిక చివరిదాకా చదివి, చెప్పులు కూడా విడవకుండా మా ఇంట్లోకి వచ్చాడు.

"ఏం బావా, పెండ్లిమాటలు జరుగుతా ఉంటే, మేము ఒకటిన్నర రూపాయి వాళ్లమని వీధి మొగదల రాసి అంటిస్తారా యాడైనా?"

మా నాయనకు పట్టిక సంగతి తెలుసు గాని అది ఇంత దూరం వస్తుందని తెలియదు. నావైపు చూశాడు. ఉన్నదే రాశానని, అది నిజమని అన్నాను.

"నిజమేలే అబ్బా. నిజాలు నీ డైరీలో రాసుకో. గోడకెందుకు?" అన్నాడు మామ. "ధర్మవరం ఆయప్పకు చదువు అంతంతమాత్రం గానీ అంకెలు బాగా వస్తాయి. కూతురికి కదిరి సంబంధం ఇంకొకటి చేతిలోనే పెట్టుకోనుండాడు. రైలు దిగి ఆ దోవనే గదా వచ్చేది."

ఆ సాయంత్రమే కాగితం దించడానికి వెళ్లాను. మా షావుకారు అక్కడే ఉన్నాడు. తన నలభై రూపాయలు ఊరు మొత్తం చదివేదాకా ఆ కాగితం మీద చెయ్యి పడితే మండీలో నా పని ఉండదని, చాలా నెమ్మదిగా, నవ్వుతూనే చెప్పాడు. ఉద్యోగం లేని గుమాస్తాకు పిల్లనిచ్చే వాళ్లు ధర్మవరంలోనే కాదు, ఎక్కడా ఉండరు. తిరిగివచ్చాను. నాయన భోంచేసి పడుకున్నాడు.

గురువారం పొద్దున మండీకి వెళ్తూ అలవాటుగా పట్టిక చూశాను. మా ఇంటి ఎదుట 1-8-0 అని ఉండాల్సిన చోట 21-8-0 అని ఉంది. ఆ రెండు అనే అంకె తోక కుడివైపుకు సాగి, చివర మళ్లీ పైకి తిరిగింది. అలా రాసేది మా వీధిలో ఒక్కరే, నూలు అంగడి చిట్టాలో. పైగా అది నాయన వాడే ఊదా రంగు సిరా. పట్టికలో మిగతాదంతా నా నల్లసిరా.

పఠనాలయంలో అప్పుడు ఎవరూ లేరు. నేను కలం తీశాను. ఆ రెండును కొట్టివేయాలని తీశానని ప్రమాణం చేసి చెప్పగలను. కానీ ఆ తలవంచుకొని నవ్విన ముఖం గుర్తొచ్చింది. ఒకే వరుసలో రెండు రంగుల సిరా ఉంటే చూడడానికి బాగుండదని కూడా తోచింది. ఊదా రెండు మీద నల్లసిరాతో జాగ్రత్తగా దిద్దాను. దిద్దాక, కింద మొత్తం తప్పయింది కదా అని మనసు ఒప్పుకోలేదు. మొత్తంలో ఇరవై కలిపాను. మొత్తం మారితే బెంచీలు మారాలి. ఒక బెంచీ పెంచాను. ఇంత పద్ధతిగా దొంగపని చేసినవాణ్ణి నేను తర్వాత ఎక్కడా చూడలేదు. చూసిపోయినవాళ్లలో ఒక్కరూ అడగలేదు కూడా. అందరూ తమ అంకె, తమ పైవాడి అంకె చూసుకుంటారు గాని అడుగున ఉన్నవాడి అంకె ఎవరు చూస్తారు?

చూసినవాడు ఒక్కడే. శుక్రవారం ఆ ధర్మవరం పెద్దమనిషి పట్టిక ముందు నిలబడి, వేలు పెట్టి పైనుంచి ఒక్కొక్క వరుసా దిగుతూ వచ్చి, అడుగున ఆగాడు. నాయన, పెనుకొండ మామ, నేను వెనక ఉన్నాం.

"పైనోళ్లంతా పన్నెండు, ఎనిమిది, మూడు అని దిగుతా వచ్చి, కిందికొచ్చేసరికి ఇరవై ఒకటిన్నర ఎట్లాయనప్పా?"

నాయన కండువా సర్దుకున్నాడు. "రాసింది మావాడు గదన్నా. సొంతిల్లు పైనేసుకుంటే నలుగురు ఏమనుకుంటారోనని కిందికేసినాడు. వద్దంటే వినడు."

నేను నేల చూస్తూ నిలబడ్డాను. అది వినయంగా కనపడిందట. "అంత కాల్చే శక్తి ఉండీ అడుగున కూచునే బుద్ధి యాడుండాదప్పా ఈ కాలంలో" అని ఆయన నా భుజం తట్టాడు. మాఘంలో పెండ్లయింది.

అబద్ధానికి ఖర్చు మొదట మా నాయనకు పడింది. మరుసటి దీపావళి దగ్గరికొచ్చేసరికి, పోయినేడు ఇరవై ఒకటిన్నర కాల్చినోళ్లు ఈ ఏడు ఒకటిన్నర కాలిస్తే దివాలా అనుకొని నూలు అరువు ఇవ్వరని ఆయనకు భయం పట్టుకుంది. జీవితంలో మొదటిసారి గంప నిండా టపాకాయలు కొని, గంపను చంటిబిడ్డలా ఎత్తుకొని వచ్చాడు. వీధిలో మిగతావాళ్లు కూడా ఈసారి పట్టికకు సిద్ధమై కొన్నారు. ఈ ఏడు ఎన్నింటికి కాగితం అంటిస్తావని దర్జీ ముందే అడిగాడు. అవ్వ ఒక్కతే, ఎదురింట్లో కాలుస్తాండారు గదా మళ్లా మనమెందుకని గొణుగుతూ ఉంది. నేను అదంతా చూసి, కొత్త అల్లుడి హోదాలో ధర్మవరం రైలెక్కాను.

అక్కడ పండగనాడు తలంటు, కొత్త పంచె, కర్జికాయలు అన్నీ అయ్యాక, చీకటి పడుతుండగా పిల్లనిచ్చిన మామ నన్ను మగ్గం ఉన్న గదిలోకి పిలిచాడు. మంచం మీద టపాకాయలు గుట్టగా పోసి ఉన్నాయి. "లెక్క చూసుకో అల్లుడా. ఇరవై అయిదుకు తెచ్చినా. ఇరవై ఒకటిన్నర కాల్చిన ఇంటోనివి, మా ఇంట్లో తగ్గినానని నువ్వనుకోగూడదు, మా వీధోళ్లు అనుకోగూడదు."

నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉండదు. దుబారా గురించి పఠనాలయంలో నేను చదివిన ఉపన్యాసం మొత్తం కంఠతా వచ్చు. కానీ మామ ముఖం చూసి, అగ్గిపెట్టె అందుకున్నాను. వీధి అరుగులమీద జనం కూర్చొని చూస్తుంటే గంటన్నరపాటు కాల్చాను. టపాకాయల చప్పుడంటే నాకు భయం. ప్రతి ఒత్తికీ నిప్పంటించి, పంచె ఎత్తిపట్టుకొని పరుగెత్తాను. మా అల్లునికి ఎంత హుషారో అని మామ పక్కవాళ్లకు చెప్పడం వినపడింది. రెండు డజన్ల చిచ్చుబుడ్లలో ఒకటి మాత్రం అంటుకోలేదు.

తర్వాత లోపలికి వచ్చి కూర్చుంటే నా భార్య మంచినీళ్లు తెచ్చింది. మా మధ్య అప్పటికి మాటలు తక్కువ. ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని, మగ్గం మీద సగంలో ఆగిన ఎర్రచీర చూపించి, ఇది ఎప్పుడు దిగుతుందని అడిగాను.

"కొంగు ఏస్తే గదా దిగేది. కొంగుకు జరీ ల్యాకపాయె."

"జరీ ఏమైంది?"

"ఇందాక వాకిట్లో మీరు కాల్చిండేది ఏమనుకుంటిరి?"

కోపంగా అనలేదు. కూరగాయల ధర చెప్పినట్టు చెప్పింది. జరీకని దాచిన డబ్బుతో మామ టపాకాయలు తెచ్చాడు. నేను గ్లాసు కింద పెట్టి, పట్టిక, నాయన ఊదా రెండు, నా నల్లసిరా, పెంచిన బెంచీ, అన్నీ వరుసగా చెప్పాను. ఆమె విని, మీ ఇంట్లో నిజంగా కాల్చింది ఎంత అని అడిగింది. రూపాయి ఎనిమిదణాలన్నాను. బయట ఉన్న తండ్రికి వినపడకుండా నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. నవ్వు ఆగాక, "నాకు టపాకాయలంటే భయం. ఆ ఒకటిన్నరే గోడమీద ఉండి ఉంటే నేనే ఎగిరి ఒప్పుకొనుందును" అంది.

మామతో చెప్పేయనా అని అడిగాను. ఆమె మగ్గం వైపు చూసింది.

"వద్దులే. జరీ ఎట్లాగూ పాయె, మర్యాదన్నా ఉండనీ."

ఆ మగ్గం పన్నెండు రోజులు ఆగిందని ఆమె తర్వాత చెప్పింది. ఇరవై అయిదు రూపాయలు మనియార్డరు చేద్దామనుకున్నాను. మామ మనసు నొచ్చుకుంటుందని ఊరకున్నాను. (చేతిలో డబ్బు లేనప్పుడు ఎదుటివాళ్ల మనసు గురించి మనకు కలిగే శ్రద్ధ చాలా గొప్పది.) ఆ ఏడు హిందూపురంలో పట్టిక అంటించలేదు. చీటీలు దాచిపెట్టుకున్నవాళ్లు చాలాకాలం నన్ను క్షమించలేదు.

ఇప్పుడు మా ఇంట్లో పిల్లలు వేలకు వేలు పోసి పెట్టెలు తెప్పిస్తారు. వద్దని చెప్పబోతే, నా భార్య వంటింట్లోంచి, మీరు ముందు ఆ బెంచీ సంగతి చెప్పండి అంటుంది. మొన్న పండగనాడు ఇల్లంతా వాకిట్లో ఉంటే, తలుపులు వేసుకొని పాత డైరీ తీశాను. ధర్మవరంలో ఆ రోజు రాసిన పుట దొరికింది. తలంటు, కర్జికాయలు, చిచ్చుబుడ్లలో అంటుకోనిది ఒకటి, అన్నీ ఉన్నాయి. అడుగున, నా చక్కని చేతిరాతతో, 'టపాకాయల ఖర్చు: ఏమీ లేదు' అని ఉంది. అబద్ధం కాదు, నా జేబులోంచి పైసా పోలేదు. కొట్టివేసి ఇరవై అయిదు అని రాద్దామని పెన్ను తీశాను. పాత సిరాకు ఈ సిరా రంగు కలవదనిపించి, మూత పెట్టేశాను.