మురుగు తొట్టి అలుగు పారిన రోజు

కర్నూలుకు రాజధాని వచ్చిన కొత్తలో ఏటి ఒడ్డునున్న మా చిన్న ఊరికి కూడా సోకులు మొదలయ్యాయి. కొత్త వీధులు, కొత్త మిద్దెలు, వాటన్నిటి మురుగూ మోయడానికి మాత్రం పాత కాలువ ఒక్కటే. ఎండాకాలంలో అది ఊరవతల పశువుల మేత పెంచే గడ్డితోటకు బుద్ధిగా పారేది. వాన పడితే పొంగి ఏట్లో కలిసేది. దానికి దిగువనే ఊరంతా ఇసుకలో చెలమలు తీసి తాగేనీళ్లు తోడుకునేది. కిందటి వానల్లో ఆ నీళ్లు తాగి మా చిన్న కూతురు వాంతులు, విరేచనాలతో చచ్చి బతికింది. ఊరి ఓవర్సీరును నేనే కాబట్టి తిట్టుకోవడానికి ఇంకొకడు దొరకలేదు.

అందుకే తొట్టికి ప్లాను గీశాను. వాన మొదట్లో కొట్టుకొచ్చేదే అసలు మురికి. దాన్ని ఏటికి పోనీయకుండా పెద్ద తొట్టిలో పట్టి, వాన తెరిపిచ్చాక మెల్లగా గడ్డితోటకు వదలాలి. అంటే వాన వచ్చేనాటికి తొట్టి ఖాళీగా ఉండాలి. ఈ చివరి మాట చెప్పినప్పుడల్లా పంచాయతీ ప్రెసిడెంటు నావైపు జాలిగా చూసేవాడు. అయినా బేతంచెర్ల బండలు లారీల్లో తెప్పించి తొట్టి కట్టించాడు. గట్టు మీద తాను కూర్చోవడానికి నున్నటి అరుగు కూడా వేయించుకున్నాడు. నా ప్లానులో అరుగు లేదు.

ప్రారంభోత్సవానికి ముందురోజు ఆయన తొట్టిలోకి తొంగి చూశాడు.

“ఏమప్పా, నీళ్లు యాడ?”

“ఉండగూడదయ్యా. ఖాళీగా ఉంటేనే ఇది పనిచేస్తాది.”

“నువ్వు ఈ సీమలో పుట్టినోడివేనా? ఉత్త తొట్టికి టెంకాయ కొట్టమంటావా? జనం నవ్వరా?”

“ఇది నీళ్లకు కట్టింది కాదయ్యా, మురుగుకు.”

“ఆ మాట రేపు మైకులో అనబాక.”

ఏట్లో ఆయిల్ ఇంజను పెట్టి తొట్టి నింపారు. ఉపన్యాసాలయ్యాక తొట్టి ఖాళీ చేద్దామని నేను తూము తలుపు ఎత్తబోతే ఆడవాళ్లు బిందెలతో అడ్డం వచ్చారు. నీళ్లు పారబోసే మనిషిని మా ఊరు అంతకుముందు చూసి ఉండదు. ఆ తర్వాత అందులో బర్రెలు ఈదాయి, బట్టలు తెల్లబడ్డాయి, అరుగు మీద ప్రెసిడెంటు సాయంకాలం గాలికి కూర్చున్నాడు. నేను రోజూ తూము దాకా పోయి తిట్లు తిని వచ్చేవాణ్ణి. మబ్బు పట్టిందంటే ఊరంతా సంబరపడేది, నేను మాత్రం తొట్టిలో నీళ్లెంతున్నాయో చూసి వచ్చేవాణ్ణి.

వాన రానే వచ్చింది. కాలువ మురుగంతా తొట్టి మీదికి ఉరికింది. లోపల చోటెక్కడిది? గట్టు పొర్లి నేరుగా ఏటి దారి పట్టింది. మా వైపు చెరువు నిండి అలుగు పారితే గంగమ్మకు పసుపు కుంకుమ, చీర సమర్పించి హారతి ఇస్తారు. అలుగు చూసి ఏళ్లయిన ఊరు. మేళంతో సహా తరలి వచ్చింది. వాననీళ్లు ఎటూ ఎర్రగానే ఉంటాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. వాసనను సాంబ్రాణి కప్పేసింది.

“చూడప్పా, కట్టిన ఏడాదే అలుగు పారతాండాది,” అన్నాడు ప్రెసిడెంటు, తడిసిన కండువా పిండుకుంటూ. “ఖాళీగా పెట్టమన్నావే.”

“అయ్యా, అది మురుగు. చెలమల్లోకి పోతాండాది.”

“మంచిపూట ఏం మాటలప్పా అవి?”

ఆయనతో వాదించే ఓపిక నాకు లేదు. చెలమ నీళ్లు ఇంట్లోకి తేవద్దని చెప్పడానికి వానలోనే ఇంటికి పరుగెత్తాను. గడపలో మా అమ్మ నిలబడి ఉంది. నుదుట కొత్త కుంకుమ, చేతిలో ఖాళీ చెంబు.

“అలుగు తీర్థం నాయనా. నువ్వు కట్టిన తొట్టిది గదా, పాపకే మొదట పోసినా.”

ఆమె వెనక నా చిన్న కూతురు పసుపు అంటిన పెదాలు నాక్కుంటూ నన్ను చూసి నవ్వింది. ఊరి డాక్టరు ఇంటికి పరుగెత్తి తలుపు బాదాను.

కాంపౌండరు తలుపు తీశాడు.

“డాక్టరుగారు ఈడ లేరు సార్. అలుగు కాడికి, హారతికి పోయినారు.”