ఎరుపూ ఆకుపచ్చా ఒకటే అయిన కళ్లు

2021 జనవరి. జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో నేను పనిచేసే ఆర్ట్ సామాన్ల షాపు లాక్‌డౌన్ వల్ల పైకి మూసే ఉండేది. ఫోనులో ఆర్డర్ తీసుకుని, సంచిలో సర్ది, గుమ్మం దగ్గర బల్ల మీద పెడితే కస్టమర్లు వచ్చి తీసుకెళ్లేవారు. ఇళ్లల్లో కూర్చుని గోడల్ని చూసీ చూసీ విసుగెత్తిపోయారేమో, ఎన్నడూ బ్రష్ పట్టనివాళ్లు కూడా ఆ చలికాలం యాక్రిలిక్ రంగులు అడిగేవారు. అవి నీళ్లతో కలుస్తాయి, గబగబా ఆరిపోతాయి. అబ్‌స్ట్రాక్ట్ బొమ్మయితే ముక్కూ మొహం కుదరాలన్న బెంగ కూడా లేదు. ఇంటి గోడకు సొంతంగా ఒకటి వేసుకోవాలనుకునేవారికి అంతకన్నా అనువైనది నాకు తెలియదు.

"మేడం, మీరు తెలుగోళ్లని మా దోస్తు చెప్పిండు" అంటూ ఒకరోజు ఫోన్ వచ్చింది. పేరు రఘు. కరీంనగర్ అబ్బాయి, దగ్గర్లోని వాల్డార్ఫ్ ఊళ్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. భార్య స్వప్న నర్సు, అప్పుడు కోవిడ్ వార్డులో డ్యూటీ. కూతురు ఆద్య రెండో తరగతి.

"డ్యూటీ నుంచి వచ్చి సోఫాల కూసుంటది మేడం. ఎదురుంగ ఒట్టి తెల్ల గోడ. 'ఇది గూడ వార్డు లెక్కనే ఉంది' అన్నది మొన్న. నేను, బిడ్డ కలిసి ఏదన్న వేద్దామనుకుంటున్నం."

పెద్ద కాన్వాసు, నాలుగైదు రంగులు సర్ది పెట్టాను. కొద్దిరోజులకే మళ్లీ ఫోన్. ఈసారి గొంతు బాగా తగ్గిపోయింది.

"అక్కా, అంత ఖరాబైంది. ఆకుపచ్చ ఇంకొంచెం ముదురు చేద్దామని ప్లేట్ల పక్కనున్నది కలిపిన. అది ఎరుపంట. బిడ్డ 'పాపా, దాస్ ఇస్ట్ బ్రౌన్!' అని నవ్వింది, నాయినా ఇది మట్టిరంగు అని. నేను కసురుకొని లేచిపోయిన. ఏం తప్పు చేసిందో తెల్వక పాపం ఏడ్చింది." తర్వాత అసలు సంగతి చెప్పాడు: "నాకు ఎరుపు, ఆకుపచ్చ ఒక్కతీరే కనబడ్తయి అక్కా. స్వప్నకు ఎరుకే. బిడ్డకు చెప్పలే."

నాకు తోచిన సలహా ఇచ్చాను. "నీలం, తెలుపు, నలుపు చాలు బాబూ. వాటితో ఎంత బాగా అయినా వేయొచ్చు. పొరపాటుకు చోటుండదు."

"బిడ్డకు ఆకుపచ్చ కావాలె అక్కా. వాళ్లమ్మకు ఇష్టమని."

పాడైన కాన్వాసు పారేయక్కర్లేదని చెప్పాను. యాక్రిలిక్ ఆరాక దాని మీద గెసో అనే తెల్లటి పూత వేస్తే మళ్లీ కొత్తదానిలాగే పనికొస్తుంది. ఆ డబ్బా వచ్చి తీసుకెళ్లాడు. ఆ వారాంతంలో వీడియో కాల్ చేశాడు. ఫోన్ బల్ల మీద నిలబెట్టి ఉంది. పక్కనే ఆద్య, మోచేతుల దాకా రంగు.

"అక్కా, దీనికి చెప్పేసిన" అన్నాడు.

ఆద్య ఇంకా ఆ ఆశ్చర్యంలోనే ఉంది. "మరి ట్రాఫిక్ లైట్ ఎట్ల చూస్తవ్ పాపా?"

"పైన వెలిగితే ఆగుత. కింద వెలిగితే పోత."

"ఎఖ్ట్?" అని జర్మన్‌లో నోరెళ్లబెట్టింది. నిజమేనా అని. ఆ తర్వాత రంగుల ట్యూబులన్నీ తన ముందుకు లాక్కుని, "అయితే ఇవి నా పని" అంది.

ఇక అక్కణ్నుంచి తండ్రి చేసిన పని చూస్తూ ఉండిపోయాను. ముందు కాన్వాసంతా బూడిదరంగు ఛాయలతో పరిచాడు. కింద చిక్కటి చీకటి, పైకి పోయేకొద్దీ పలచబడి, కుడివైపు ఒక చోట మాత్రం మెరుపు. మా పనిలో దీన్ని టోనల్ వాల్యూ అంటాం. అంటే రంగు సంగతి పక్కన పెట్టి, అది ఎంత వెలుగు, ఎంత చీకటి అన్న లెక్క. రంగుల మోజులో పడినవాళ్లకు ఇది నేర్పడం చాలా కష్టం. రఘు పుట్టినప్పటినుంచీ లోకాన్ని ఆ లెక్కలోనే చూస్తున్నాడు.

"అక్కా, తడి మీద ఒకతీరు ఉంటది, ఆరినంక నల్లబడ్తదేంది?" అని అడిగాడు. యాక్రిలిక్ ఆరితే ఓ ఛాయ ముదురుతుంది. ఏళ్లుగా వేసేవాళ్లు కూడా చాలామంది అది గమనించరు. ఇతను గమనించడమే కాదు, ప్రతి రంగునూ ముందు అట్ట ముక్క మీద రాసి, ఆరనిచ్చి, అప్పుడు కాన్వాసు మీద పెట్టాడు. ఆద్య ఆకుపచ్చ కలిపిస్తే, "ఇంకొంచెం తెల్లగ చెయ్ బిడ్డా, ఇక్కడ వెలుతురు కావాలె" అనేవాడు. అది ఏ రంగో అడగనే లేదు. కూతురి చేతిని నమ్మాడు.

వేసవిలో ఆంక్షలు సడలాక భోజనానికి పిలిచారు. హాల్లో అడుగుపెట్టగానే ఆ బొమ్మ ముందు ఆగిపోయాను. ముదురు పచ్చలోంచి లేతపచ్చ పైకి లేస్తూ, వెలుగు దగ్గరికి వచ్చేసరికి దాదాపు పసుపైపోయింది. మధ్యలో ఆద్య పెట్టిన ఎర్రటి గీత ఒకటి. ఇన్నేళ్లలో మా షాపు రంగులతో వేసిన బొమ్మలు ఎన్నో చూశాను. అంత వెలుగున్నది చూడలేదు.

స్వప్న నా పక్కకు వచ్చి నిలబడింది. "మేం పేషెంట్లను కాపాడలేకపోయిన రోజులు చాన ఉన్నయి అక్కా. ఇంటికొచ్చినంక ఎవరితోని మాట్లాడబుద్ది కాకపోయేది. ఈడ కూసొని దీన్ని చూసేదాన్ని. వీళ్లిద్దరు నన్ను ఏం అడగకపోయేటోళ్లు. కొంచెంసేపటికి నేనే లేచి అన్నం పెట్టుమనేదాన్ని."

రఘు వంటింట్లోకి వెళ్లి కూర వేడిచేశాడు.

అంతకుముందు షాపులో కొత్తవాళ్లు ఎవరొచ్చినా "ఏ రంగులు కావాలండీ?" అనే మొదలుపెట్టేదాన్ని. ఇప్పుడు, ఆ బొమ్మ ఎదురుగా కూర్చునేది ఎవరని అడుగుతాను. వాళ్లు ఆ మనిషి గురించి చెప్పడం పూర్తయ్యేదాకా రంగుల అర తెరవను.