పింకీకి వేసిన సగం సూది

నన్ను మొదటిసారి డాక్టర్ సాబ్ అని పిలిచిన మనిషిని నేను సరిదిద్దలేదు. సరిదిద్దకపోగా లోలోపల మురిసిపోయాను. నేను డాక్టర్ని కాదు. పశువుల దవాఖానలో ముప్పై ఒక్క ఏళ్లు అటెండర్‌గా చేసి దిగిపోయిన కుర్మయ్యను. మందల్లో పడి గొర్రెలను పట్టుకోవడం, డాక్టరు కొలత పెట్టిచ్చిన సిరంజితో టపటపా పొడవడం, కడుపులో పురుగులు పోవడానికి నట్టల మందు తాగించడం, ఇదే నా నౌకరి. శంషాబాద్ చుట్టుపక్కల నా చేతి సూది పడని మంద లేదని గొప్పలు చెప్పుకునేవాణ్ణి. అందులో అబద్ధమేమీ లేదు.

తర్వాత ఎయిర్‌పోర్టు వచ్చింది. గొర్రెలు మేసిన చోట ప్లాట్ల రాళ్లు పాతారు. ఆ ప్లాట్లలో ఇళ్లు లేచాయి, ఇళ్లలోకి బొచ్చుకుక్కలు వచ్చాయి. నేను రిటైరయ్యేసరికి మందలు లేవు, కుక్కలున్నాయి. చేతులు ఊరుకుంటాయా? మందుల షాపులో టీకా సీసాలు కొని, ఐసు ముక్కలు వేసిన డబ్బాలో పెట్టుకుని, స్కూటీ మీద ఇంటింటికీ తిరగడం మొదలుపెట్టాను. సీసా ఖరీదు తప్ప పైసా ఎక్కువ తీసుకోలేదు. నా ఆశ డబ్బు మీద కాదు, ఆ పిలుపు మీద.

నా తప్పు ఎక్కడుందో ముందే చెప్పేస్తాను, దాచుకున్నంత కాలం దాచుకున్నాను కదా. నట్టల మందు తాగించేటప్పుడు జీవం బరువు చూస్తాం. పొట్టేలుకు ఎక్కువ, పిల్లకు తక్కువ. ఆ లెక్క నా చేతికి అలవాటైపోయింది. కుక్కపిల్లను ఎత్తుకుంటే అరచేతిలో పట్టేంత ఉంటుంది. దీనికీ, గేటు దగ్గర కట్టేసిన దూడంత కుక్కకూ ఒకే సీసానా? నా మనసొప్పలేదు. పసికూన తట్టుకోలేదని సగమే వేసేవాణ్ణి. సీసాతో వచ్చే కాగితం ఇంగ్లిషులో ఉంటుంది, నాకు చదవరాదు. ఇంకొకరిని అడగాలంటే నామోషీ. డాక్టర్ సాబ్ పోయి ఎవరిని అడుగుతాడు?

మా వెనక గల్లీలో ఎజ్రా, సునీల కిరాయికుంటారు. అతను ఎయిర్‌పోర్టులో క్యాబ్ నడుపుతాడు, ఆమె అక్కడి హోటల్లో గదులు సర్దుతుంది. మైలార్‌దేవ్‌పల్లిలో వాళ్ల చర్చివాళ్ల కుక్క ఈనితే రెండు పిల్లలను తెచ్చుకున్నారు. రాకీ, పింకీ. పింకీ మరీ చిన్నది. ఇద్దరూ నన్ను బాపూ అంటారు. టీకా వేయమని పిలిస్తే వెళ్లాను. ఒకే సీసా తీయడం చూసి సునీల అడిగింది.

"ఒక్క సీసనేనా బాపూ? రెండు పిల్లలున్నయ్ గద?"

"ఎలుక పిల్లలంత లెవ్వు, రెంటికి గిదే మస్తు. ముప్పై ఏండ్ల సర్వీసు బిడ్డా నాది, నువ్వు జర పిల్లను గట్టిగ పట్టు."

ఆమె పట్టుకుంది. సీసా మీది స్టిక్కరు ఒలిచి కుక్క టీకా బుక్కులో అంటించడం పద్ధతి. సీసా ఒకటైతే స్టిక్కరూ ఒకటే. దాన్ని రాకీ బుక్కులో అంటించి, పింకీ బుక్కులో పెన్నుతో తారీఖు రాసి సంతకం పెట్టాను. నెల తర్వాత రెండో సూది కూడా అలాగే. ఆ రోజు సునీల పింకీ బుక్కు తెరిచి కాసేపు చూసింది. ఏదో అనబోయి, చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది.

ఈస్టర్ మర్నాడు పింకీ తిండి మానేసింది. వాంతులు. ఆ మర్నాటికి నెత్తురు విరేచనాలు. ఎజ్రా క్యాబ్‌లోనే ముగ్గురం బెంగళూరు రోడ్డు మీది కుక్కల దవాఖానకు తీసుకుపోయాం. అక్కడి డాక్టరమ్మ పేరు షెకీనా, నా మనవరాలి వయసుంటుంది. పరీక్ష చేసి పార్వో అంది, కుక్కపిల్లల పేగులను తినేసే అంటురోగం. టీకా ఎవరు వేశారని అడిగింది.

"మా బాపే ఏసిండు మేడం. పాతకాలం చెయ్యి," అన్నాడు ఎజ్రా గర్వంగా.

సునీల పింకీని ఎత్తుకుని సెలైన్ గదిలోకి పోయాక డాక్టరమ్మ నావైపు తిరిగింది. "సీసా మొత్తం వేశారా అండీ? చిన్నపిల్ల కదా అని కొందరు సగం వేస్తుంటారు. నట్టల మందుకు బరువు చూస్తాం గానీ టీకాకు చూడం. ఎంత చిన్నదానికైనా మొత్తం పడాల్సిందే."

నా ఒంట్లో నెత్తురంతా మొహంలోకి వచ్చింది. "పూరానే ఏసిన మేడం. స్టిక్కర్లు తడిసి ఊడిపోయినయ్," అన్నాను. స్టిక్కర్ల సంగతి ఆమె అడగనే లేదు! గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నేనే ఎత్తాను. మొత్తం వేసినా అరుదుగా రావచ్చు లెండి అని ఆమె అంటే, ఆ మాట పట్టుకుని వేలాడాను.

మూడు రోజులు సెలైన్లు ఎక్కించారు. శుక్రవారం పొద్దున పింకీ పోయింది. వాళ్ల ఇంటి పక్కనున్న ఖాళీ ప్లాటులో గొయ్యి తీసి పెట్టాం. మట్టి కప్పుతూ కప్పుతూ ఎజ్రా పార కింద పడేసి, పండుగ కూరలోని ఎముకలు పింకీకి పెట్టిన సునీల మీద అరిచాడు.

"పండుగనాడు బొక్కలు పెట్టకు పెట్టకు అంటే ఇన్నవా? నువ్వే సంపినవ్ దాన్ని!"

సునీల ఏడవలేదు. నావైపు చూసింది. కాదని ఒక్క మాట అంటానని చూసింది. నేనేమన్నానో తెలుసా? "చిన్న పేగులు గద బిడ్డా, బొక్కలు అరగయ్," అన్నాను. ఛీ! ఆ మాట ఇప్పుడు రాస్తుంటే కూడా నా మీద నాకే అసహ్యమేస్తోంది.

పది రోజులు ఆ గల్లీ ముఖం చూడలేదు. ఒక మధ్యాహ్నం అన్నం పెడుతూ మా ఆవిడ దుర్గవ్వ చెప్పింది. "సునీల ఆ ఉన్న పిల్లను గూడ ముట్టుకుంటలేదంట. నా చెయ్యి మంచిది గాదు అని గిన్నె గూడ మొగనితోనే పెట్టిస్తుందంట. పెద్దమనిషివి, నీ మాట ఇంటది, పోయి జర సముదాయించరాదు?"

ముద్ద కంచంలోనే వదిలేసి లేచాను. పెద్దమనిషినట!

ఆ సాయంత్రమే బయల్దేరాను. కానీ సునీల ఇంటికి కాదు. అంత ధైర్యం ఎక్కడిది? సగం సూది వేసిన ఇళ్లు ఇంకా పదకొండున్నాయి. ముందు అక్కడికి పోయాను. గేటు దగ్గరే "రండి డాక్టర్ సాబ్" అనేవాళ్లు. "డాక్టర్ని కాదమ్మా, అటెండర్‌ని. మీ కుక్కకు సగమే వేశాను. దవాఖానకు తీసుకుపోయి మళ్లీ వేయించండి," అనేవాణ్ణి. ఒకాయన మొహం మీదే గేటు వేశాడు. ఒకావిడ, మా ఇంట్లో చిన్నపిల్లలున్నారు, కుక్క రేబీస్ సూది కూడా సగమేనా అని వణికిపోయింది. అవును, అదీ సగమే. తిట్టినవాళ్లే నయం. పోనీలెండి అని చాయ్ ఇచ్చిన ఇంట్లో నాకు తల కొట్టేసినట్టయింది. పదకొండు ఇళ్లకూ నాలుగు రోజులు పట్టింది. పన్నెండో ఇల్లే మిగిలింది.

ఆదివారం చర్చి నుంచి వాళ్లు వచ్చాక వెళ్లాను. కూర్చోమంటే కూర్చోలేదు. "బొక్కలు గాదు బిడ్డా. నేను రెంటికి సగం సగం సూదే ఏసిన, రాకీకి దవాఖానల మళ్ల ఏయించున్రి. డాక్టరమ్మ అడిగితే అబద్ధం చెప్పిన. నీ మీద పడుతుంటే నోరు మూసుకున్న," అని ఒక్క గుక్కలో అనేశాను.

ఎజ్రా కుర్చీ తన్ని లేచాడు. కొడతాడనే అనుకున్నాను, కొడితే బాగుండు అనుకున్నాను. అతను భార్య వైపు చూశాడు. చూసి, తల దించుకుని గోడకు ఆనుకుపోయాడు. సునీల లోపలికి పోయి పింకీ బుక్కు తెచ్చింది.

"నాకు ఆనాడే అనుమానమొచ్చింది బాపూ. స్టిక్కరు రాకీ బుక్కుల అంటిచ్చిన్రు, దీంట్ల లేదు. రెండోపారి అడుగుదామనే అనుకున్న. పెద్దమనిషి, నామోషీ అయితడని ఊకున్న." ఆమె బుక్కు మూసింది. "నేను అడిగుంటే బతుకుతుండె గద అది?"

ఇంత చెప్పినా తప్పు తన మీదే వేసుకుంటోంది! భూమి చీలిపోతే బాగుండు అనిపించింది. ఇంకొక్క నిజం మిగిలింది, అది చెప్పడం అన్నిటికంటే కష్టమైంది.

"అడిగినవ్ బిడ్డా. మొదటినాడే అడిగినవ్. ఒక్క సీసనేనా అని నువ్వు అడిగితే, ముప్పై ఏండ్ల సర్వీసని నేనే నీ నోరు మూయిచ్చిన."

ఆమె బుక్కు కింద పెట్టింది. అప్పుడు ఏడ్చింది, గొయ్యి దగ్గర రాని ఏడుపంతా ఏడ్చింది. తర్వాత కింద కూర్చుని, తలుపు దగ్గరున్న రాకీని పిలిచి ఒళ్లోకి తీసుకుంది. నన్ను పొమ్మనలేదు, ఉండమనలేదు.