చేతులు చూసి నేర్చిన వంట

బహ్రెయిన్‌లో గుదైబియా నుంచి రిఫా మీదుగా వెళ్లే బస్సులో నా పక్కన నిజామాబాద్ వైపు కూలీ ఒకాయన కూర్చున్నాడు. నేను ఫోన్‌లో తెలుగు మాట్లాడటం విని, ఒడిలోని డబ్బా మూత తీసి, "అన్నా, జర తిని చెప్తవా?" అన్నాడు.

అందులో ఆపిల్ ముక్కలు పిండిలో పొదిగి కాల్చే అమెరికా వంటకం, 'ఆపిల్ పై' ఉంది. ఒక ముక్క నోట్లో పెట్టుకుని ఆశ్చర్యపోయాను. అమెరికాలో ఉన్నప్పుడు నేను ఇష్టంగా తిన్న రుచే అది!

"అమెరికాలో తిన్నట్టే ఉంది! ఎక్కడ నేర్చుకున్నావు?"

"మా కూలోల్లుండే క్యాంపుల టీవీల అమెరికా వంటలొస్తయన్నా. ఇంగ్లీషు రాదు గదా, మాటలు ఇడిసిపెట్టి చేతులు చూసిన. ఇయ్యాల హోటల్ల వంటపనికి పరీక్ష. గని అసలుది నేనెన్నడు తినలే. గిట్లనే ఉంటదా?"

"అచ్చం ఇలాగే ఉంటుంది."

అతను డబ్బా మూత జాగ్రత్తగా పెట్టుకున్నాడు. రిఫాలో దిగి, చొక్కా సర్దుకుని, హోటల్ వైపు నడిచాడు. ఆ పని దొరికిందో లేదో నాకు తెలియదు. కిటికీలోంచి అతన్నే చూస్తూ ఉండిపోయాను; నేనూ ఆ స్టాపులోనే దిగాలని గుర్తొచ్చేసరికి బస్సు దాటిపోయింది.