కృపావతి టీచర్ తొండాట

రాజోలు దగ్గర కాలవగట్టు మీదున్న ఆ ఇంగ్లీషు మీడియం బడిలో కృపావతి టీచర్ గారంటే పిల్లలకు ప్రాణం, పెద్దలకు పంటినొప్పి. ఆవిడ నోరు తెరిస్తే లాకుల తలుపులు ఎత్తేసినట్టే, ఎదుటివాడు కొట్టుకుపోయి సముద్రంలో తేలాల్సిందే. ఈల ఊదితే చేలల్లో కొంగలన్నీ లేచి ఐ.పోలవరంలో వాలేవని చెప్పుకుంటారు. నమ్మకం లేనివాళ్ళు వెళ్ళి కొంగల్నే అడగొచ్చు.

యాభై ఏడేళ్ళ మనిషి. పేరుకి తెలుగు టీచరు. సాయంత్రం ఆఖరి పీరియడ్ గంట కొట్టగానే చీర కుచ్చెళ్ళు బొడ్లో దోపి పిల్లలతో సమానంగా గూటీబిళ్ళ ఆడేది. సమానంగా అంటే ధర్మంగా అని కాదు. నిలువునా తొండాడేది. బిళ్ళ ఎంత దూరం పోయిందో కర్రతో కొలిచేటప్పుడు ఏడు తరవాత పది అనేది. పంటలేసుకునేటప్పుడు అందరి అరచేతులూ ఓరగా చూసి, ఆఖర్న తన చెయ్యి తిప్పేది. ఆ తొండి పట్టుకున్న పిల్లకి ఒక బెల్లం జీడి. పట్టుకోలేని మొద్దులకి ఏడు తరాలకి సరిపడా తిట్లు.

రూలు మాత్రం ఒక్కటే పెట్టింది. తొండి అని ఎవరన్నా పట్టుకుంటే నోరెత్తకుండా అవుటై పక్కన కూర్చోవాలి. టీచరైనా సరే, టీచర్ని కన్నవాళ్ళైనా సరే.

కన్నవాళ్ళ మాట ఊరికే అనలేదు. ఆవిడ తండ్రి ఏలీయాని ఏడేళ్ళప్పుడు చేలో చిలకల్ని తోలడానికి గట్టెక్కించారు. ఆయన ఆ గట్టు దిగింది మీసాలొచ్చాకే. ఆట అన్నది ఎరగడు, కాబట్టి ఆటలో పోట్లాట కూడా ఎరగడు. కూలి ధాన్యం కొలిచేటప్పుడు కామందు కుంచంలో బొటనవేలు పెట్టి కొలిచినా, అదేమిటని అడగడం చచ్చేదాకా ఆయనకి చేతకాలేదు. కూతురైనా బాగుపడాలని ఆమెని పుస్తకం ముందు నుంచి లేవనివ్వలేదు. అందుకే కృపావతి గూటీబిళ్ళ కర్ర మొదటిసారి పట్టుకున్నది నలభయ్యో ఏట. తన దగ్గర అక్షరాలు దిద్దుకునే పిల్లలే ఆవిడకి ఆట నేర్పారు. అంత ఆలస్యంగా దొరికిన ఆ ఆటల గంటని ఎవరైనా లాక్కుంటానంటే కరవకుండా ఊరుకుంటుందా?

లాక్కున్నది కరెస్పాండెంట్ హరిబాబు గారు. జూన్‌లో ఆటస్థలం మీద రేకుల షెడ్డు లేపేశారు. మూడో తరగతి నుంచే ఐఐటీ అంటూ గోదావరికి అడ్డం కట్టేంత ఫ్లెక్సీ వేలాడదీశారు. ఆఖరి పీరియడ్ కాస్తా ఫౌండేషన్ క్లాసైపోయింది. తల్లిదండ్రులు మురిసి ముక్కలయ్యారు. కృపావతి నోరు చేసుకున్నందుకు హరిబాబు గారు ఆవిడ కుర్చీని మరుగుదొడ్డి తలుపు పక్కన వేయించారు.

ఐదో తరగతి జ్యోతిర్మయి తల్లి పద్మావతి అయితే స్టాఫ్‌రూమ్ గుమ్మంలోకే వచ్చేసింది.

"మా పిల్లని బురదలో దొర్లించడానికి పంపట్లేదండి. అంత ఆడాలని ఉంటే మీ పేటలో ఆడుకోండి."

"ఆయ్, అలాగేనండి," అంది కృపావతి. "రేపు మీ అమ్మాయిని ఎవడన్నా మోసం చేసేడనుకోండి, ఎలా అడగాలో ఆ ఐఐటీ పుస్తకంలో ఏ పేజీలో ఉందో మీరే చూపిద్దురుగాని."

ఆ రోజు నుంచి ఇద్దరూ ఎదురుపడితే మధ్యలో గాలి కూడా ఆడేది కాదు.

జనవరిలో హరిబాబు గారి నెత్తిన పిడుగు పడింది. బడి గుర్తింపు మళ్ళీ ఇవ్వాలంటే ఆటస్థలం చూపించాలి, అధికారులు వస్తున్నారు. షెడ్డు పీకడం ఆయనకి ప్రాణం పీకడంతో సమానం. అందుకని గోడ పక్కనున్న సత్యదుర్గారావు గారి కొబ్బరి దొడ్డిని ఒక్క పూటకి అడిగి తెచ్చుకున్నారు. కాయలు ఒలవగా మిగిలిన డొక్కల్ని ఒక మూలకి గుట్టపోయించి, గోడకి కంత కొట్టించి, సున్నంతో గీతలు గీయించారు. ప్లేగ్రౌండ్ అని బోర్డు కూడా నిలబెట్టారు. కొలంబో దాకా కనబడేంత బోర్డు.

అప్పుడు కృపావతిని గదిలోకి పిలిచి, ఏడు నెలల తరవాత మొదటిసారి కుర్చీ వేయించారు. టీ కూడా వచ్చింది, అందులో పంచదార కూడా ఉంది.

"పిల్లలు రోజూ గంటసేపు ఇక్కడే ఆడతన్నారని ఒక్క మాట చెప్పి సంతకం పెట్టండి మేడమ్ గారూ. రేపట్నుంచి మీ ఆఖరి పీరియడ్ మీకిచ్చేస్తాను."

ఆయన మాటని నమ్మడం కంటే నీటి మీద ముగ్గు వేసుకోవడం నయమని ఆవిడకి తెలుసు. కానీ ఆ గంట ఆవిణ్ణి గాలం వేసి లాగింది. కాగితం మీద రాసిమ్మంది. ఆయన రాసిచ్చారు. ఆవిడ దాన్ని నాలుగు మడతలు పెట్టి పర్సులో దాచుకుని, సరేనంది.

అధికారులు వచ్చిన రోజు పిల్లల చేతుల్లో కవర్లు విప్పని ప్లాస్టిక్ బ్యాట్లు పెట్టారు. ఏడు నెలలుగా లెక్కలు తప్ప వేరే ఎరగని పిల్లలు వాటిని గొడుగుల్లా పట్టుకుని నిలబడ్డారు. కృపావతికి ఒళ్ళు మండిపోయింది. అవన్నీ అవతల పారేయించి, కొబ్బరి మట్ట నరికి కర్రా బిళ్ళా చెక్కించింది. క్షణంలో దొడ్డి లేచి ఆడింది. దుమ్ముకి ఆకాశం కనబడలేదు. అధికారి గారు, కళ్ళజోడు పెట్టుకున్న ఒక నడివయసు ఆవిడ, నవ్వుతూ పుస్తకం తెరిచి, పిల్లలు రోజూ ఇలాగే ఆడతారా అని అడిగారు.

"ఆయ్, రోజూనండి. గంటసేపు," అంది కృపావతి.

ఆడుతున్న పిల్లల మధ్యలోంచి జ్యోతిర్మయి చెయ్యి లేచింది.

"టీచర్ గారు, తొండి."

చిన్నపిల్ల ఆటలో ఏదో అంటోందని హరిబాబు గారు పళ్ళన్నీ బయటపెట్టి నవ్వారు. పిల్ల చెయ్యి దించలేదు.

"ఈ దొడ్లోకి మేం ఇవాళే వచ్చేమండి. నిన్నంతా డొక్కలే ఉన్నాయి. తొండాడితే అవుటవ్వాలి కదండీ, మీరే చెప్పేరు."

ఒక్క కసురు కసిరితే పిల్ల నోరు మూసేది. పర్సులో కాగితం ఉంది, ఆ కాగితంలో ఆవిడ గంట ఉంది. కుంచంలో వేలు చూసి కూడా తలొంచుకున్న ఏలీయా కూతురు కాసేపు పిల్ల చేతికేసి చూసింది. తరవాత మెడలోని ఈల తీసి ఆ పిల్ల మెడలో వేసింది. నడిచి వెళ్ళి డొక్కల గుట్ట మీద కూర్చుంది.

"తొండేనండి," అంది అధికారి గారితో. "నేను అవుటు."

హరిబాబు గారి మొహం పులిసిన కల్లులా పొంగింది. అధికారులు అటు వెళ్ళారో లేదో ఆవిణ్ణి గేటు బయటికి నెట్టించారు. కారియరు కూడా తెచ్చుకోనివ్వలేదు. ఆవిడ పర్సులోంచి కాగితం తీసి ఆయన చేతిలో పెట్టింది.

"అవుటైనోళ్ళకి ఇంకేం మిగలదండి. ఉంచుకోండి."

ఇక ఊరు ఊరంతా మీద పడింది. బడికి గుర్తింపు పోతే మా పిల్లల సంవత్సరం ఎవరిస్తారని పద్మావతి నడివీధిలో దుమ్మెత్తి పోసింది. జొన్నాడ హైవే మీద లారీలు ఆగి విన్నాయంటే వినే ఉంటాయి. చేపలమ్మే ఆవిడ కూడా కృపావతి గుమ్మం ముందు బుట్ట దించడం మానేసింది. నెలలోగా షెడ్డు తీసి ఆటస్థలం చూపించకపోతే గుర్తింపు ఉండదని కాగితం వచ్చింది. హరిబాబు గారు ఆవిడ వంశాన్నంతటినీ తిడుతూ రేకు రేకూ విప్పించారు. ఆఖరి పీరియడ్ తిరిగి వచ్చింది. దాని మీద మేనల్లుడు నాగసతీష్‌ని కూర్చోబెట్టారు, ఆ కుర్రాడు ఫోన్లోంచి తలెత్తితే పండగే. కృపావతి నీడ కూడా గేటు దాటకూడదని హుకుం.

నీడ దాటలేదు. రోజూ ఆఖరి పీరియడ్‌కి ఆవిడ గొడుగేసుకుని గేటుకి ఎదురుగా తూము గట్టు మీద కూర్చుంటుంది. ఓ సాయంత్రం బిళ్ళ గోడ దాటొచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర పడింది. జ్యోతిర్మయి గేటు ఊచల దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. మెడలో ఈల ఉంది.

"బిళ్ళ ఇటు పడెయ్యండి టీచర్ గారు."

"ఇందాకా కొలిచినోడు ఏడు తరవాత తొమ్మిదన్నాడు. మీకు కళ్ళు లేవేటే?"

"చూసేనండి. అవుటిచ్చేసేను. అడుగో."

గోడవార మూతి ముడుచుకుని కూర్చున్నది హరిబాబు గారబ్బాయే.

కృపావతి బిళ్ళ విసిరింది. పిల్లని తీసుకెళ్ళడానికి వచ్చిన పద్మావతి రెండు బారల దూరంలో మొహం తిప్పుకుని నిలబడి ఉంది. సాయంత్రపు ఎండైనా మాడ్చేస్తోంది. కృపావతి గొడుగు కొంచెం అటు వంచింది. పద్మావతి ఇంకో రెండడుగులు అవతలికి జరిగి, ఎండలోనే నిలబడింది.