పేరు మీద బొటనవేలు

యాప్రాల్ నుంచి సికింద్రాబాద్ వచ్చే బస్సులో కూర్చుని, కన్సల్టెన్సీ వాళ్ళు తయారుచేసి ఇచ్చిన నా రెజ్యూమెను బట్టీ పడుతున్నాను. నేను చెయ్యని రెండేళ్ళ ఉద్యోగం అందులో ఉంది. గంటలో ఇంటర్వ్యూ. ప్రాజెక్టు పేరు గుర్తుంటే క్లయింటు పేరు మరిచిపోతున్నాను. నా కాలు ఊపుడికి సీటంతా అదురుతోంది.

పక్కన లావుపాటి ఇంగ్లీషు నవల చదువుతున్న పెద్దాయన తలెత్తాడు. "ఎందుకు తమ్మీ గింత పరేషాన్ అయితున్నవ్?"

"ఇంటర్వ్యూ ఉందండి," అన్నాను. మాట మార్చడానికి, ఆ పుస్తకం ఎవరు రాసిందని అడిగాను.

"స్కాట్లండ్ ఆయనది. పాత రాజుల కథలు రాసిండు. దేశమంతా చదివింది గని, చాన ఏండ్లు పుస్తకం మీద పేరేసుకోలే. అడిగితే నేను కాదన్నడు సుత."

"మరి ఆయనేనని ఎలా తెలిసిందండీ?"

"చదివెటోళ్ళకు తెలుస్తది. రాత పట్టిస్తది."

అంటూనే నా చేతిలో కాగితం తీసుకున్నాడు. పైనున్న నా పేరును బొటనవేలితో మూసి, కింది దాకా చదివాడు.

"పేరు మూస్తే ఇది ఎవలదో సమజ్ అయితలేదు తమ్మీ," అన్నాడు మెల్లగా. కాగితం తిరిగిచ్చి తర్వాతి స్టాపులో దిగిపోయాడు.

ఇంటర్వ్యూలో ఆ రెండేళ్ళ గురించి తడుముకోకుండా చెప్పాను. ఉద్యోగం వచ్చింది.

ఇప్పుడు ఇంటర్వ్యూలు చేసేది నేనే. ఎవరి రెజ్యూమె అందుకున్నా నా బొటనవేలు ముందు పేరు మీదికే పోతుంది. నా రెజ్యూమెలో ఆ రెండేళ్ళూ ఇంకా ఉన్నాయి. దాన్ని మాత్రం నేను పేరు మీద వేలు పడకుండా అంచులు పట్టుకునే చదువుతాను.